ఎర్ర చుక్క పెట్టిన నట్టు

హలో… ఆ, నేనే ఉస్తాద్. జానయ్యను. ఎల్బీనగర్ షెడ్డు నుంచి— పెట్టేయకుండ్రి! మీకు దండం పెడ్త, పెట్టేయకుండ్రి!

…

మీరు షెడ్డు ఇడిచి ఏడు నెలలాయె, తెలుసు. ఈ నంబర్‌కు చెయ్యొద్దన్నరు, గది సుత యాదికుంది. తిట్టేదుంటే అటెన్క తిట్టుండ్రి. షెడ్డు ముందర నిలవెట్టి, నలుగురిని పిలిచి తిట్టుండ్రి. ఇప్పుడు మాత్రం జర ఇనుండ్రి. యాదలక్ష్మి—

ఆ. నా పెండ్లామే, మీరు చెల్లె అని పిలిచేటామె. బాగలేదు ఉస్తాద్.

గదే కిడ్నీలది. మీరున్నప్పుడే మొదలైంది కదా. ఇప్పుడు వారానికి రెండుసార్లు మెషిన్ మీద రక్తం కడగాలె. పోయిన మంగళవారం తెలంగాణ సమ్మెకు బస్సుల్లేవు, పోలే. శుక్రవారం బస్సుల్లేవు, ఆటోల్లేవు, పోలే. ఇయ్యాల సోమవారం. మొకమంతా ఉబ్బింది. పండుకుంటే ఊపిరి ఆడ్తలేదు, రాత్రంతా గోడకు ఒరిగి కూసున్నది. మలక్‌పేట దవాఖానల మెషిన్ నడిపే పిల్ల రెండు గంటల దాంక ఆగుతనన్నది. రెండు దాటితే ఆమె సుత నడుసుకుంట ఇంటికి పోవాలె కదా…

ఇప్పుడా? పదకొండున్నర.

ఆటో ఏడిది ఉస్తాద్! రోడ్డు మీద పురుగు లేదు. మన పాత గిరాకి చక్రపాణి సార్ కారు అడిగిన. అద్దాలు పగులగొడ్తరని ఆయన భయం. తప్పువట్టను. నా బండి మీద కూసోవెట్టి చూసిన, సందు మలుగక ముందే పక్కకు ఒరిగిపోయింది. అంబులెన్స్ కోసం నాలుగుసార్లు ఫోన్ కొట్టిన, అన్నీ దూరం పోయినయన్నరు.

ఆ… కాలనీ సంఘం వ్యానే. మీరు రెండేండ్ల కింద బాగుచేసిందే. అంబులెన్స్ అని రాసుంది, ఎవ్వలు ఆపరు. దాంట్లనే బయలెల్లినం. అదే ఇప్పుడు నా షెడ్డుల సచ్చి పడ్డది.

టర్బో.

చింతలకుంట కాడ ఎనక తెల్లటి పొగ లేసింది. డ్రైవర్ శేఖర్ తాళం తీసేసిండు. ఇంజన్ ఆగలే ఉస్తాద్! తాళం చేతులున్నది, ఇంజన్ మాత్రం దాని నూనె అదే తాగుకుంట పిచ్చిగుర్రం లెక్క ఎగురుతున్నది. నాలుగో గేరుల పెట్టి, బ్రేకు తొక్కి సంపిండు. నలుగురం నూకి ఈడికి తెచ్చినం.

ఏంది యాదలక్ష్మీ?… ఏం లేదు, ఇంజన్‌కు గాలి ఊదే ఫంక పట్టేసింది. గంతే. ఉస్తాద్‌తోనే మాట్లాడుతున్న. నువ్వు మాట్లాడకు, దమ్ము పోతది.

చెప్పుండ్రి… కొత్తదా? దుకాణం ఏది తెరిచుంది?

…

బాగు చెయ్యొద్దంటరా? మరి?…

ఆ… ఫంక మొత్తం గుంజి బయట పడేసి… ఆ మూతికి రేకు బిగిచ్చి… నూనె పైపు మూసేసి… ఫంక లేకుండ నడుస్తదా?

ముక్కుతది. మూల్గుతది. ముప్పై దాటదు. నల్లటి పొగ. ఆ, ఆ… కానీ పోతది? ఎనిమిది కిలోమీటర్లు ఉస్తాద్! గంతే కావాలె నాకు. ఊరేగింపు లెక్క పోయినా సరే, పోతే చాలు.

కానీ గదే కదా రానిది! ఇంజన్ మీదికెంచి టర్బో దించిన, వైస్‌ల బిగిచ్చిన. పొగ తిరిగే గుల్ల ఉంటది కదా, నత్తగుల్ల లెక్క… అది నడిమి ముక్కను పట్టేసుకుంది. చుట్టు రింగు ఊడబీకిన. తుప్పుకు రెండూ ఒక్కటే ముద్ద అయినయ్. గంట నుంచి కొడ్తున్న.

సుత్తె తోని… ఇనుప సుత్తె.

…

ఆ, గాడిదనే. పదిహేడేండ్లు మీ దగ్గర చేసిన గాడిదను. కానీ ఒక్క మాట చెప్పుండ్రి. ఆ పదిహేడేండ్లల్ల ఒక్కసారన్న నన్ను టర్బో ముట్టనిచ్చిన్రా? పంపులన్నరు, గేర్ డబ్బాలన్నరు, అన్నీ నేర్పిన్రు. టర్బో రాంగనే ‘జానయ్యా, చాయ్ చెప్పిరా’ అని పంపేటోళ్లు. నేను చాయ్ పట్టుకొచ్చే లోపు మీరు ఇప్పేటోళ్లు. ఇయ్యాల నాకు రాకుంటే అది నా ఒక్కని తప్పేనా?

…హలో? ఉన్నరా?

సరే. సరే. కొట్టను. ఆపిన.

గ్రైండరా? కరెంటు పొద్దుగాల ఎనిమిదింటికి పోయింది. బొగ్గు బావులు బందైనయ్ కదా, ఎప్పుడొస్తదో ఎవ్వలికి తెల్వదు. ఉన్నది బ్లో ల్యాంప్, శీష నిండ కిరోసిన్, నా రెండు చేతులు.

మంట గుల్లకే తగలాలె… నడిమి ముక్కకు తగలొద్దు. ఎందుకు?… ఆ, గుల్ల వేడికి ఉబ్బుతది, నడిమిది ఉబ్బొద్దు. సమజైంది. ఎంతసేపు?… ఉమ్మేస్తే సుయ్యిమని ఎగిరేదాంక. మంచిది. శేఖర్, ల్యాంప్ ముట్టియ్! గీ గుల్ల చుట్టు తిప్పుకుంట ఉండు, ఒక్క జాగల ఆపకు… అరె, హారతి ఇచ్చినట్టు కాదు, దగ్గర!

ఆ, శుభ్రం చేసినంకనే పెట్టిన. మొన్న దసరాకు యాదలక్ష్మి షెడ్డుల అన్నింటికి కుంకుమ పెట్టింది. పానాలకు, వైస్‌కు, ఈ వ్యాను ఇంజన్ కూడ ఒదలలే. దీనికి సుత ఎర్రగ అంటుకోని ఉండె. పోకపోతే పెట్రోల్ పెట్టి రుద్దిన… ఏం లేదులే, ముచ్చట చెప్తున్న. నోరు ఆగుతలేదు.

రేకా? మూతికి పెట్టేది… పలచటిదైతే మూడు మడతలు. చూస్త ఆగుండ్రి… డబ్బా రేకు ఉంది, అది ఇట్టే కాలిపోతది. ఇంకోటి…

…

ఒకటుంది ఉస్తాద్. మందం రేకు. మంచి రేకు.

మీ బోర్డు.

ఆ, ఉంది. ఎనక పాత టైర్ల సందుల పెట్టిన. అమ్మలేదు, పారెయ్యలేదు.

…అవును. తారు ఇంక అట్లనే ఉంది.

ఏమన్నరు?… మళ్ల చెప్పుండ్రి… ‘జులూస్ పోరలు బెదిరిస్తే తారు పూసినవు, నాకు తెలుసు’. చక్రపాణి సార్ చెప్పిండు, మీరు అందరితోని గిదే అంటున్నరంట. ‘జానయ్య అసోంటోడు కాదు, ఎవరో కుంచె చేతుల పెట్టిన్రు’ అని.

ఉస్తాద్… యాదలక్ష్మి నా ఎదురుంగ కూసోని ఉంది. నోరు తెరిచి ఊపిరి గుంజుకుంటున్నది. ఆమె ముందర అబద్ధం రాదు నాకు.

ఎవ్వలు రాలే. ఏ పోరడు బెదిరియ్యలే. ఆ దినం రోడ్డు మీద తెలంగాణ జులూస్ పోయింది నిజమే. దాని దారిన అది పోయింది. మన షెడ్డు దిక్కు చూసినోడు లేడు. తారు డబ్బ నేనే తెచ్చిన. నిచ్చెన నేనే ఏసిన. మీరొచ్చేసరికి కుంచె నా చేతుల ఉండె. నేనే.

ఎందుకా?… ముందు దినం మీరు చక్రపాణి సార్ ముందర నవ్విన్రు. ‘జానయ్య చేయి బంగారం, బుర్రే తక్కువ. వాళ్లంతా అంతేలెండి’ అన్నరు. నేను కారు కింద పండుకోని ఉన్న. మీకు కనవడలే. నన్ను ఒక్కన్ని అంటే నవ్వుకునేటోన్ని, ఉస్తాద్. రోజు తిడ్తరు మీరు, నాకేమన్న కొత్తనా? ‘వాళ్లంతా’ అన్నరు. మా నాయిన, మా ఊరు, ఈ రోడ్డు మీద నడిచేటోళ్లంత… అందరు ఒక్క మాటల ఒచ్చిన్రు.

‘భీమవరం వారి డీజిల్ వర్క్స్’ అని ఉన్నది మొత్తం పూసిన. పైన మీ పేరు దాంక పోయిన. ఆడ చెయ్యి లేవలే.

గంతే. గదే నిజం. ఇప్పుడు పెట్టేస్తే పెట్టేయుండ్రి.

…

…

ఉస్తాద్?

…

శేఖర్, మంట ఆపకు. ఉన్నడో పోయిండో తెల్వదు. నువ్వు ఆపకు.

…

ఆ! ఉన్న, ఉన్న! చెప్పుండ్రి!

తారున్న దిక్కు కొయ్యొద్దు… వేడికి కారుతది, అంటుకుంటది… సాపున్న దిక్కు కొయ్యాలె.

సాపున్న దిక్కు మీ పేరుంది ఉస్తాద్.

…

కొయ్యాల్నా?… పేరు మీదికెంచే?…

…

సరే. ‘గీతల వెంబడి కొయ్యకు, నడిమిట్ల కొయ్యి, బలం ఉంటది’… ఆ. కత్తెర దొరికింది. కోస్తున్న. మీరు ఇంకేమనకుండ్రి. కంట్ల నీళ్లొచ్చి గీత కనవడ్తలేదు.

అయింది. మూడు ముక్కలు. ‘పట్టా’ ఒక దాని మీద, ‘భి’ ఒక దాని మీద పడ్డది. మూడోదాని మీద ఉత్త తెల్ల రంగే.

గుల్లనా? ఉమ్మేసి చూస్త… సుయ్యిమన్నది! ఇప్పుడు?

నడిమి ముక్కకు మంచు పెట్టాలె… ఐస్ ఏడ తేవాలె నేను! గోలా బండి లేదు, సోడా దుకాణం లేదు, కరెంటు లేక ఇంట్ల ఫ్రిజ్ పొద్దుగాల నుంచే—

ఏంది యాదలక్ష్మీ? ఏం చూపెడ్తున్నవ్?

…వద్దు. అది నీది.

ఉస్తాద్, ఆమెకు నీళ్లు తాగొద్దన్నరు. తాగితే లోపలనే ఉండిపోతయ్, బయటికి పోయే దారి లేదు. దూప అయినప్పుడల్ల చిన్న ఐస్ ముక్క నోట్ల ఏసుకుంటది. ఎదురింటి ఇందిరాదేవమ్మ పొద్దున కరెంటు పోకముందు ఫ్లాస్కుల నింపి ఇచ్చింది. అది ఇస్తనంటున్నది.

…ఆమెనే మూత తీసింది ఉస్తాద్.

ఒక్కటి నువ్వు ఏసుకో ముందు. ఏసుకో! నేను చూడాలె… ఆ. మిగిలినయ్ ఇటియ్.

గుడ్డల చుట్టిన. నడిమి ముక్క మీద పెడ్తున్న… పొగలు లేస్తున్నయ్, ఇటు వేడి, అటు సల్లదనం… ఇప్పుడు రాగి సుత్తె. చిన్నగ. ఒక్క దిక్కే కాదు, చుట్టు తిప్పుకుంట, గంట కొట్టినట్టు. ఇటొకటి… అటొకటి…

చప్పుడు ఇనవడ్తుందా? ఫోన్ దగ్గర పెడ్తున్న, ఇనుండ్రి…

మొద్దుగ మోగుతుందా? ఇంక పట్టుకునే ఉందా? సరే… ఇటు… అటు…

టక్కుమన్నది! ఉస్తాద్, టక్కుమన్నది! కదిలింది! ఎంట్రుకంత సందు ఒచ్చింది! ఆగుండ్రి, గుంజుత—

వస్తలేదు.

తుప్పు ఒదిలింది, సందు కనవడ్తుంది. కానీ లోపట ఏదో పట్టుకుంది. మెడ పట్టినట్టు ఆగింది… ఆ? ఫంక రెక్క ఇరిగి గుల్లల ఇరుక్కున్నదంటరా? అయితే గుల్ల ఫంకను ఒదలదు, ఫంక ఇరుసు నడిమి ముక్కను ఒదలదు…

అటు దిక్కు నట్టు ఇప్పితే నడిమిది ఇరుసు మీదికెంచి జారొస్తది! ఆ, సమజైంది! గాలి దిక్కు, ఇరుసు కొస మీద చిన్న నట్టు. ఉంది. పానా పెట్టిన.

తిరుగుతలేదు. మస్తు బిగుసుంది. ఆగుండ్రి… శేఖర్, ఆ పైపు ముక్క తే. పానాకు తొడిగి ఇద్దరం ఒక్కసారి—

ఏంది? ఎందుకు అరుస్తున్నరు?

ఆపిన! ఆపిన! చెయ్యి తీసేసిన. శేఖర్, చెయ్యి తియ్!

ఎటు తిప్పుతున్ననా? అన్ని నట్లు ఇప్పినట్టే. ఎడమకు.

…

చుక్కనా? ఏం చుక్క…

…

అయ్యో.

అయ్యో ఉస్తాద్! ఎర్రగ ఉండె. నట్టు పక్కనే ఉండె. ఉల్టా తిరిగే నట్టుకు మీరు ఎర్ర రంగు చుక్క పెడ్తరు. పదిహేడేండ్లు చూసిన, నాకు తెల్వదా? లారీ చక్రాలకు పెడ్తరు, మిషన్లకు పెడ్తరు. ఈసారి షెడ్డంత కుంకుమ ఉండె కదా… కుంకుమే అనుకున్న. పెట్రోల్ పెట్టి రుద్దిన. పోకపోతే గోరుతోని గీకిన ఉస్తాద్! మీ చుక్కను గీకి తీసేసిన!

ఇంకొక్క గుంజు గుంజితే ఏమైతుండె?… ఇరుసు ఇరిగి ఇరుక్కుంటుండె. ఇంకేం చేసినా రాకపోతుండె.

ఆ. కుడికి. పైపు వద్దు. ఒక్క చేత్తోని.

…

ఒచ్చింది.

గింతనే ఉస్తాద్. పిల్లకాయ తిప్పినట్టు ఒచ్చింది. ఇందాకటి నుంచి నేను బిగిచ్చుకుంట కూసున్న.

నడిమి ముక్క జారుతుంది… ఒచ్చింది! చేతులున్నది! గుల్లల ఫంక కనవడ్తుంది, ఒక రెక్క ఇరిగి అడ్డం పడ్డది. ఇరుసు కొస మీద చెక్క పెట్టి… ఒక్కటి… పడ్డది! కింద పడ్డది ఉస్తాద్! గుల్ల ఖాళీ!

టైమా? పన్నెండుంబావు. సరే, రేకులు ఒకదాని మీద ఒకటి… బొక్కలు పొడుస్త… నూనె పైపు నోట్ల బోల్టు… కిందికి పోయే దానికి చెక్క బిరడ… గాలి పైపు సీద ఇంజన్‌కు. అయితది. రెండు చేతులు కావాలె. ఫోన్ బల్ల మీద పెడ్తున్న, పైసలు పోతే పోనియ్, కట్ చేయను—

…

శేఖర్, పదమూడు నంబర్ పానా… కాదు, వంకరది… యాదలక్ష్మీ, కండ్లు మూయకు. నా దిక్కు చూడు. గీ బోల్టు ఎన్నోది, లెక్కవెట్టు… ఆ, మూడు. నాలుగోది చెప్పు… చెప్పు!… ఆ, నాలుగు.

…

యాదలక్ష్మీ. ఐదు. ఐదు అను.

…

హలో… హలో, ఉస్తాద్? ఇంక లైన్లనే ఉన్నరా? ముప్పావు గంట అయింది కదా! ఒక్క మాట అనకుంట…

మీరు సుత లెక్కవెడ్తున్నరా?… ఏడు బోల్టులు. ఆ. సరిపోయినయ్. ఏడు.

బిగిచ్చిన. ఇప్పుడు స్టార్ట్ చేస్తున్న. మళ్ల తాళానికి ఆగకపోతే?… గాలి నోరు చెక్కతోని మూయాలె. శేఖర్, నువ్వు చెక్క పట్టుకోని నిలబడు. సరేనా? తిప్పుతున్న…

…

ఇంకోసారి…

…

అంటుకుంది! ఇనుండ్రి, ఫోన్ ఇంజన్ మీద పెట్టిన, ఇనుండ్రి!

ఏమంటరు? చెవుల పడ్డదా? సీటీ కొడ్తుందా?… ఎడమ దిక్కు కింద బోల్టు. ఆగుండ్రి… అర చుట్టు… ఇప్పుడు?

ఇప్పుడు మంచిగుందా? తాళం తీసి చూడాల్నా?… తీసిన. ఆగింది. చెప్పినట్టు ఇన్నది ఉస్తాద్! మళ్ల స్టార్ట్ చేస్తున్న.

ఒకటీ పది. శేఖర్, తలుపు! బండి నేను నడుపుత, నువ్వు యాదలక్ష్మిని ఎనకకెంచి పట్టుకో… అటు కాదు, కూసోవెట్టే! పండవెట్టకు!

మీరు రావొద్దు ఉస్తాద్, వనస్థలిపురం నుంచి ఈడి దాంక నడుస్తరా ఏంది? రోడ్డు మీద జర గరంగరం ఉంది. నోరు తెరిస్తే మీ భీమవరం మాటకు దొరికిపోతరు… నవ్వుతున్నరా? నవ్వుండ్రి. రింగ్ రోడ్డు కాడ సమ్మెకు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నరు మావోళ్లు. అంబులెన్స్‌ను చూస్తే గిన్నెలు జరుపుతరు. ఆ మాట నాది. దాని అవతల కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్. గంతే దూరం.

ఏంది యాదలక్ష్మీ?… ఐస్ అయిపోయిందే. దవాఖానల ఇప్పిస్త. నిజంగ. నోరు మూసుకోని ముక్కుతోని ఊపిరి గుంజు.

ఉస్తాద్, రేకు ఎంత దూరం ఆగుతది? నిజం చెప్పుండ్రి.

…

మీకు సుత తెల్వదు.

సరే. అయితే పెట్టేయకుండ్రి. ఫోన్ ఇంజన్ డబ్బ మీద పెడ్తున్న, గుడ్డ కింద. నాకు దీని మూల్గుడొక్కటే ఇనవడ్తది, ఏది మంచిదో ఏది చెడ్డదో తెల్వదు. మీకు తెలుస్తది. చప్పుడు మారితే అరువుండ్రి. ఇందాకటి నుంచి అరిచినట్టే గట్టిగ అరువుండ్రి, నేను బ్రేకు మీద కాలు పెడ్త.

గాడిదా అనే అరువుండ్రి. ఆ మాటైతే ఎంత చప్పుడుల ఉన్నా నాకు ఇనవడ్తది.

…యాదలక్ష్మీ, పట్టుకో. ఉస్తాద్ ఇంటున్నడు. పోతున్నం.